మొదట బాతా, జింక తలా? టాక్సిడెర్మీ (చచ్చిన జంతువు తోలుని అచ్చు మీద తొడిగి సజీవంగా కనిపించేలా నిలబెట్టే పని) నేర్చుకునేవాళ్లు దేనితో మొదలెట్టాలి

వరిమడి (విస్కాన్సిన్, అమెరికా):
వేట లైసెన్సు, ఫెడరల్ డక్ స్టాంపు (బాతుల వేటకి కేంద్ర ప్రభుత్వ అనుమతి) ఉన్నాయి. ఫ్రీజర్‌లో రెండు మల్లార్డ్ మగబాతులు, ఒక తెల్లతోక జింక కేప్ ఉన్నాయి. కేప్ అంటే భుజాల దాకా ఒలిచిన తోలు, తల ఇంకా లోపలే ఉంది. సూది పని, కత్తి పని వచ్చు, రసాయనాలే కొత్త. కొందరు బాతుతో మొదలెట్టమంటున్నారు, కొందరు దాని జోలికే పోవద్దు, జింక తలే నయమంటున్నారు. ఏది ముందో కారణాలతో చెప్పండి. ఎక్కడ ఏం చెడుతుందో చెబితే ఇంకా మేలు.

ఈకలపెట్టె:
బాతే ముందు, సందేహం లేదు. చేయి తిరగాలంటే ఒకే పని పదిసార్లు చేయాలి. మీ ఫ్లైవేలో (వలస పక్షుల దారిలో) సీజన్లో రోజుకి ఆరు బాతులు కొట్టుకోవచ్చు, జింకలు ఏడాదికి ఒకటో రెండో. ఒక బాతు పాడైతే పోయేది ఒక ఫోమ్ బాడీ, ఒక జత కళ్లు, కొంచెం తీగ. కొమ్ములున్న తల పాడైతే అలాంటిది మళ్లీ దొరకదు. పైగా బాతు తోలు అంగుళం చిరిగినా లోపలి నుంచి కుట్టేస్తే ఈకలు కప్పేస్తాయి.

పక్షిని ఎంచుకోవడం మాత్రం ముఖ్యం. సీజన్ మొదట్లో కొట్టిన మగబాతుకి సగం ఈకలు ఇంకా గొట్టాల్లోనే ఉంటాయి, మొదళ్లలో నెత్తురుంటుంది. కడిగేటప్పుడు అవి రాలిపోతాయి. మెడ కింద, పక్కల వేలితో ఈకలు ఎత్తి చూడండి. నల్లటి ముళ్లలాంటి మొదళ్లు కనిపిస్తే అది కూరకే. నవంబరు రెండో సగం తర్వాతి పక్షి అయితే ఈకలు నిండుగా ఉంటాయి.

కొమ్ములగూడు:
బాతు చవకన్న మాటకి నేనూ ఒప్పుకుంటాను. కానీ నేర్చుకునేవాడికి కావలసింది చవక కాదు, తన తప్పు తనకి కనబడటం. జింక ముఖమ్మీద వెంట్రుక చాలా పొట్టి. కనురెప్ప ఒక మిల్లీమీటరు పైకి పోయినా గది అవతలి నుంచి తెలిసిపోతుంది, తోలు ఫారం (తోలు తొడిగే ఫోమ్ అచ్చు) మీద నుంచి లేస్తే వారంలో బయటపడుతుంది. బాతులో అసలు తప్పు కొవ్వు. అది ఆరు నెలలకో, రెండేళ్లకో పొట్ట దగ్గర పసుపు మరకై, జిడ్డు వాసనై బయటికొస్తుంది. ఈలోపు అదే తప్పుతో మరో ఇరవై బాతులు చేసేసి ఉంటారు. పదిసార్లు చేయడం మంచిదే, కాని తప్పుని పదిసార్లు చేస్తే చేయి తిరిగేది తప్పుకే.

తోలు సంగతి కూడా చూడండి. జింక తోలు మందం. కత్తి కాస్త లోతుగా పోయినా తట్టుకుంటుంది. బాతు తోలు తడి టిష్యూ కాగితంలా ఉంటుంది.

ఈకలపెట్టె:
కొవ్వు గురించి కొమ్ములగూడు గారు చెప్పింది నిజమే. కానీ అది రెండేళ్లు ఆగితేగాని తెలియని రహస్యం కాదండీ, ఆ రోజే పరీక్షించవచ్చు. పని వరసలో చెబుతాను.

రొమ్ము ఎముక మధ్య నుంచి మలద్వారం పై వరకు తోలు మాత్రమే కోయాలి. కింది పల్చటి పొర తెగితే పేగుల్లోది ఈకల మీదికి వస్తుంది. కోసిన వెంటనే రెండు పక్కలా వెలిగారం చల్లితే తడికి ఈకలు అంటుకోవు. కాళ్లు మోకాలి కీలు దగ్గర, రెక్కలు భుజం దగ్గర తెంచాలి. తోక దగ్గర ఈకల మొదళ్లు పట్టుకున్న కండ ముద్ద వదిలి వెన్నెముక కోయాలి. ఇంకా లోపలికి కోస్తే తోకంతా చేతిలోకి ఊడొస్తుంది. తోక పైభాగాన గింజంత నూనె గ్రంథి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేయాలి. మిగిలిపోతే తోక చుట్టూ ఎప్పటికీ జిడ్డే.

రెక్కలో పెద్ద ఈకలు మోచేతి ఎముకకి అతుక్కుని ఉంటాయి. కండ తీయాలన్న తొందరలో వాటిని ఎముక నుంచి ఊడగొడితే మల్లార్డ్ రెక్క మీది నీలం అద్దం మళ్లీ వరసగా కూర్చోదు. రెక్క అడుగున గాటు పెట్టి, ఎముకల మధ్య కండని చిన్న స్కాల్‌పెల్‌తో గీకి తీయండి, ఎముకని అక్కడే ఉంచండి. మెడ తోలు తల మీదుగా రాకపోతే బలవంతంగా లాగొద్దు. తల వెనక అంగుళంన్నర గాటు పెట్టి అక్కడి నుంచి పుర్రె బయటికి తీయండి.

ఆ తర్వాత వైర్ వీల్, అంటే కొవ్వు గీకే తీగ బ్రష్ చక్రం. ఈకలు వరసలుగా మొలిచిన చోట వాటి మధ్య కాలవల్లో కొవ్వు నిండి ఉంటుంది. చక్రం ఈకల మొదళ్ల దిశలోనే తిరగాలి. ఎదురు తిరిగితే చిరుగుతుంది. వేలు వెనక తోలు ఆనించి, ఒకే చోట ఆగకుండా జరుపుతూ పోవాలి. పసుపు పోయి తోలు తెల్లగా, ఈకల మొదళ్లు చిన్న చుక్కల్లా కనబడేదాకా.

కడగడానికి ముందు నెత్తురుని చల్లటి నీళ్లతో వదిలించండి, వేడి నీళ్లు మరకని స్థిరపరుస్తాయి. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు నీళ్లు. నీటి మీద నూనె తెట్టు తేలడం ఆగేదాకా మార్చి మార్చి మూడు నాలుగు సార్లు. తర్వాత సబ్బు లేకుండా పూర్తిగా జాడించాలి, మిగిలిన సబ్బు ఈకని అంటించేస్తుంది. ఇప్పుడు పరీక్ష: తోలు లోపలి వైపు పొడి గోధుమరంగు కాగితం గట్టిగా నొక్కి, తడి ఆరాక వెలుగులో చూడండి. కాగితం నూనె పడ్డ పకోడీ పొట్లంలా కనబడితే మళ్లీ వీల్ దగ్గరికి వెళ్లండి.

వెలిగారం:
నా పేరు చూసి వెలిగారాన్ని వెనకేసుకొస్తాననుకోకండి. అది పురుగుని ఆపుతుంది, తడి పీల్చి తోలు ఆరడానికి సాయపడుతుంది. అది టానింగ్ (తోలు కుళ్లకుండా పదును చేయడం) కాదు. పల్చగా, కొవ్వు లేకుండా చేసిన బాతు తోలుకి సరిపోతుంది. జింక తోలు మీద వెలిగారం, పటిక కలిపిన పొడి రుద్ది ఫారం మీద వేసేయడం కొత్తవాళ్లకి సులువని చెబుతుంటారు. దానికి నేను ఒప్పుకోను. అలా ఆరిన పచ్చి తోలు చాలా ముడుచుకుంటుంది. కంటి ముందు గాడిలో, ముక్కు పక్కన, చెవి మొదట్లో ఫారం మీద నుంచి లేచి డప్పులా బిగుసుకుంటుంది. కొన్నేళ్లకి కుట్లు నోరు తెరుస్తాయి.

టానింగ్ అంత కష్టమూ కాదు. శుభ్రంగా గీకిన తోలు మీద అయోడిన్ లేని సన్నటి ఉప్పు, తోలు బరువుకి సమానంగా, ముడతల్లోకి పోయేలా రుద్దాలి. వాలుగా పెట్టి 24 గంటలు నీరు కారనివ్వాలి. తడి ఉప్పు దులిపేసి మళ్లీ కొత్త ఉప్పు, మరో 24 గంటలు. తర్వాత పికిల్ (తోలు నానబెట్టే ఉప్పు, ఆమ్లం నీళ్లు): లీటరు నీటికి 120 గ్రాముల ఉప్పు, 22 గ్రాముల సిట్రిక్ ఆమ్లం, పీహెచ్ పట్టీ 2 దగ్గర చూపాలి. రోజూ కొలవండి, 2.5 దాటితే ఆమ్లం కలపండి. కనీసం మూడు రోజులు. తెల్లగా ఉబ్బిన తోలుని బయటికి తీసి ముఖం, మెడ దగ్గర పల్చగా గీకి మళ్లీ ఒక రోజు. తర్వాత లీటరుకి ఏడెనిమిది గ్రాముల వంట సోడా కలిపిన నీళ్లలో ఇరవై నిమిషాలు, ఇంకాసేపు ఉంచొద్దు. జాడించి, పిండి, రుద్దే టాన్ (టానింగ్ మందు) పట్టించి రాత్రంతా వదిలేయాలి. ప్లాస్టిక్ డ్రమ్మే వాడండి. ఇనుము తగిలితే మరకలు, అల్యూమినియం అయితే ఆమ్లం తినేస్తుంది.

కొమ్ములగూడు:
వెలిగారం గారు చెప్పిన ముడుచుకునే గుణమే జింకలో నేర్చుకోవలసిన పాఠం. ఫారం ఎంపికలోనే సగం పని ఉంది. కంటి ముందు మూల నుంచి ముక్కు కొసకి, తోలు ఒలిచాక చెవుల వెనక మెడ చుట్టూ, ఇంకో మూడంగుళాలు కిందికి మెడ చుట్టూ, ఈ మూడు కొలతలు రాసుకోండి. నవంబరులో జత కట్టే కాలంలో మగజింక మెడ ఉబ్బుతుంది. అక్టోబరు జింకకి నవంబరు ఫారం కొంటే తోలు చాలదు. చాలని తోలుని లాగి కుడితే వెనక కుట్టు విచ్చుకుంటుంది.

కన్ను దగ్గర ఆగండి. తెల్లతోక జింకకి సాధారణంగా 30 మి.మీ. గాజు కన్ను. పాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. తల ఎటు తిప్పి ఉన్నా పాప నేలకి సమాంతరంగా ఉండాలి. ఫారం వంపుని బట్టి పెట్టేస్తే జింక తాగినట్టు చూస్తుంది. పై రెప్ప కంటి గోళం మీదికి కొద్దిగా కప్పినట్టు, పైన బొమికతో నీడ పడాలి. ముందు మూలలో కన్నీటి గాడికి ఫారంలో లోతుగా చీలిక కోసి, జిగురు పెట్టి తోలుని లోపలికి దూర్చాలి. పెదవులకీ అంతే. ఫారం మీది నునుపు పొరని ముళ్ల రేకుతో పూర్తిగా గరుకు చేయకపోతే జిగురు పట్టదు. అప్పుడు డ్రమ్మింగ్‌కి (తోలు ఫారం మీద నుంచి లేచి డప్పులా బిగుసుకోవడానికి) తోలుని తిట్టి లాభం లేదు. ఆరే మొదటి వారం రోజూ రెండు సార్లు చూసి, లేచిన చోట నొక్కి గుండుసూది పెట్టాలి. మూడు నాలుగు వారాలు ఆగి ముక్కుకి రంగు.

కొల్లేటిగాలి (ఏలూరు):
ఇక్కడ వేట లేదు కదండీ. నేర్చుకోవాలంటే దారేది? సరస్సు దగ్గర చచ్చిపడిన పక్షులని తీసుకోవచ్చా?

వెలిగారం:
వద్దండి, ఈక కూడా ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. టాక్సిడెర్మీ వ్యాపారానికి 44వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. మైసూరులో పేరున్న టాక్సిడెర్మీ సంస్థ వాన్ ఇంజెన్ వారి పని 1999లో ఆగిపోయింది. ముంబయి సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలో 2009లో టాక్సిడెర్మీ కేంద్రం మొదలైంది. అలాంటి చోట చనిపోయిన జూ జంతువులని అనుమతితో చేస్తారు. ఇంట్లో తాతల నాటి దుప్పి తలలు ఉంటే ఒట్టి చేతుల్తో దులపకండి, పాతవాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ.

నేర్చుకోవడానికి దారి మీ ఊళ్లోనే ఉంది. కోతలయ్యాక వరిచేలల్లో మేపే పెంపుడు బాతు అడవి పక్షి కాదు. దాని మీద రెక్క, తోక, కొవ్వు పనులన్నీ నేర్చుకోవచ్చు. మల్లార్డ్ కంటే కొవ్వు ఎక్కువ కాబట్టి ఇంకా మంచి పరీక్ష. జింకకి బదులు మేక తల. కొట్టువాణ్ణి ముందే అడిగి కాల్చకుండా ఇవ్వమనండి, కాల్చాక అది కూరకి తప్ప దేనికీ పనికిరాదు. మేకకీ పాప అడ్డమే, చెవి, పెదవి పని దాదాపు అంతే. ఎండాకాలం మధ్యాహ్నానికే వెంట్రుక జారుతుంది. ఐస్ డబ్బాలో పెట్టి తెచ్చుకోండి.

కొమ్ములగూడు:
వరిమడి గారికి చట్టం సంగతి రెండు ముక్కలు. మీ బాతులు మీరు చేసుకోవడానికి ఫెడరల్ పర్మిట్ అక్కర్లేదు. పక్కవాళ్ల బాతు డబ్బు తీసుకోకుండా చేసినా పర్మిట్ కావాలి. వేటలో కొట్టిన బాతుతో చేసిన మౌంట్‌ని (టాక్సిడెర్మీ బొమ్మని) అమ్మకూడదు. ఇక జింకకి సీడబ్ల్యూడీ (జింకలని చిక్కి శల్యం చేసి చంపే మెదడు జబ్బు), విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. పరీక్షకి గొంతు దగ్గరి గ్రంథులు కావాలి. ఎవరైనా గొంతు కింద కోశారంటే కేప్ పోయినట్టే. ముందు మీరే ముఖం ఒలిచి, తలని తర్వాత పరీక్షకివ్వండి. చేతులకి గ్లౌజులు ఉండాలి. బాతులకి పక్షి జ్వరం భయం ఉంది కాబట్టి మాస్కు కూడా.

ఈకలపెట్టె:
ఫ్రీజర్ కోణం ఎవరూ చెప్పలేదు. బాతు కాళ్లు, ముక్కు, తల ముందు ఎండిపోతాయి. కాళ్లకి తడి కాగితం చుట్టి, తల రెక్క కింద పెట్టి, గాలి తీసి మూట కట్టి ఉంటే ఏడాది వరకు పర్వాలేదు. జింక తోలుకి ఉప్పు పెట్టి గట్టిగా ఆరబెడితే పొడిచోట నెలల తరబడి ఆగుతుంది. కాబట్టి కేప్‌కి ఉప్పు పెట్టి పక్కన పెట్టండి, బాతులు చేయండి, తర్వాత జింక.

కొమ్ములగూడు:
ఉప్పు పెట్టాలంటే ముందు చెవులు కొసదాకా లోపలికి తిరగేయాలి, పెదవులు, కనురెప్పలు, ముక్కు లోపల చీల్చాలి. లేకపోతే ఉప్పు అందక అక్కడే వెంట్రుక ఊడుతుంది. అదంతా జింక ముఖం పనే కదా అన్నా. మొదలైంది జింకతోనే.

ఈకలపెట్టె:
సరే, ముఖం పని ముందు. ఫారం మీదికి ఎక్కించడం మాత్రం కనీసం నాలుగు బాతుల తర్వాతే. అక్కడ నేను తగ్గను.

వరిమడి:
తల లోపలే ఉన్న కేప్‌ని ఎలా కరిగించాలి? బయట పెట్టనా?

కొమ్ములగూడు:
బయట వద్దు. బయటి తోలు వెచ్చబడి పాడవుతుంటే లోపల పుర్రె ఇంకా గడ్డే ఉంటుంది. ఫ్రిజ్ కింది అరలో రెండు రోజులు. మెడ వదులవగానే మెడ ఒలవండి, ముఖం కరిగేలోపు ఒలిచిన మెడ తోలుని చల్లగా ఉంచండి. కొమ్ముల మొదట్లో తోలుని కత్తితో కోయకండి, మొద్దు స్క్రూడ్రైవర్‌తో ఎత్తి వదులు చేయండి. కంటి దగ్గరికి వచ్చాక వేలు బయటి నుంచి కంటిలో పెట్టి, రెప్పని పైకెత్తి, ఎముకకి ఆనించి కోయండి. ముందు మూలలో గాడి తోలు ఎముక గుంటలోకి దిగి ఉంటుంది. దాన్ని గుంట అడుగు నుంచే గీకి తీయాలి, అక్కడే ఎక్కువమంది కోసేస్తారు.