పట్టే నీరు, ఊరే నీరు: వెన్నునీటికి తగిన క్రియ ఏది?

మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరైన సెరెబ్రోస్పైనల్ ఫ్లూయిడ్‌కు ‘మస్తిష్కమేరు ద్రవం’ అనాలా, ‘వెన్నునీరు’ అనాలా అని అడిగిన మిత్రులకు ఈ జవాబు. ఒంగోలులో ఒక ల్యాబ్‌లో పనిచేసే నాకు ‘వెన్నునీరు’ మీద ఏ అభ్యంతరమూ లేదు. చిక్కంతా దాని పక్కన చేరే క్రియతోనే వస్తున్నది.

కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మనవరాలికి వెన్నులో నీరు తీయాలని చెప్పగానే, “ఎన్నులో నీళ్లెప్పుడు పట్టినాయి అబ్బయ్యా? అంతా తీసేస్తే మళ్లా పట్టవు గదా?” అని అడిగింది. ఆమె ప్రశ్నలో తప్పేమీ లేదు. కడుపులో నీరు చేరిందనీ, ఊపిరితిత్తులకు నీరు పట్టిందనీ, తీయించామనీ మనం చెప్పుకునే చోటల్లా ఆ నీరు రోగం, తీయడం వైద్యం. వెన్నునీరు అలాంటిది కాదు. పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్లుండే ఈ నీరు రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్ల చొప్పున కొత్తగా తయారవుతూనే ఉంటుంది కనుక, పరీక్షకు తీసిన కొద్దిపాటి నీరు, గుండ్లకమ్మ ఇసుకలో తోడిన చెలమ నిండినట్టు, మళ్లీ ఊరుతుంది. కాబట్టి ‘నీరు తీయడం’ అనే బదులు ‘వెన్నునీటి పరీక్ష’ అనీ, ఆ నీరు ‘ఊరుతుంది’ అనీ చెప్పాలని నా మనవి. రెండోసారి పరీక్షకు వచ్చినప్పుడు ఆ పెద్దావిడే “బాగా ఊరినాయా?” అని అడిగింది.

అంతకంటె నొప్పించే మాట ‘చీము కణాలు’. మూత్ర పరీక్ష చీటీలోని పస్ సెల్స్‌కు అలవాటైన ఈ అనువాదాన్ని ఎవరో వెన్నునీటి చీటీకీ అంటగట్టి చెప్పడంతో, మెదడు కుళ్లిపోయిందనుకుని ఆ పిల్ల తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. పిల్లకు వచ్చినది ఆటోఇమ్యూన్ మెదడువాపు. కంచే చేను మేసినట్టు, కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మెదడు మీద పడడం. ఘన మిల్లీమీటరుకు 5 దాటకూడని తెల్లకణాలు పిల్ల వెన్నునీటిలో 38 ఉన్నాయి. రంగువేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే దాదాపు అన్నీ లింఫోసైట్లనే ఒక రకం తెల్లకణాలే: చిన్నవి, గుండ్రనివి, ముదురు ఊదారంగు కేంద్రకమే కణమంతా నిండినవి. చీములో ప్రధానంగా ఉండేవి, బాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచినప్పుడు ఈ నీటిలో తరచు వందలు, వేలుగా కనిపించేవి వేరు. అవి కేంద్రకం రెండు మూడు ముక్కలై సన్నని పోగుతో కలిసివుండే న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు. రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే రోగమే మారిపోతుంది.

ఇక ‘కణాలు లేవు’ అన్న మాటను ‘జబ్బు లేదు’ అని చదవడం మరో పొరపాటు. 2007లో తొలిసారి స్పష్టంగా వర్ణించిన ఎన్ఎండీఏ రిసెప్టర్ మెదడువాపు అనే ఆటోఇమ్యూన్ రకంలో కూడా కొందరికి కణాల సంఖ్య మామూలుగానే ఉంటుంది. అప్పుడు అదే నీటిలో యాంటీబాడీల (ఇక్కడ మెదడు మీదే పడే రక్షణ ప్రోటీన్ల) కోసం వెదకాలి. అందుకే నేను ఇంటివారికి తెలుగులో చెప్పేటప్పుడు ‘కణాలు పెరగలేదు, యాంటీబాడీల ఫలితం రావలసి ఉంది’ అని రెండు ముక్కలూ కలిపే చెబుతాను.