అప్‌డేట్: నాన్నగారి పొలం 22ఏ నిషేధిత జాబితా నుంచి బయటపడింది

అందరికీ నమస్కారం. మా పట్టా భూమి 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ కింద రిజిస్టర్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందని, చెల్లికి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయడానికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒప్పుకోలేదని, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

"ముందు ఏ క్లాజు కింద పెట్టారో చూడండి" అన్న సలహాయే దారి చూపింది. లాయరుగారు జాబితా తీయిస్తే ఆ సెక్షన్‌లోని క్లాజు (బి), అంటే ప్రభుత్వ భూమి అని ఉంది. ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఎఫ్‌ఎంబి (పొలం కొలతల పుస్తకం) పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. మా సర్వే నంబరులో ఒక అంచు మాత్రమే వాగు పోరంబోకు, అంటే వాగుకు చెందిన ప్రభుత్వ భూమి. ఆ అంచును విడి నంబరుగా సబ్‌డివిజన్ చేయకుండా నంబరు మొత్తాన్నీ జాబితాలోకి ఎక్కించేశారు. సర్వేయరుతో కొలిపించి, పోరంబోకును విడదీయించి, కలెక్టరుగారికి అర్జీ పెట్టాం. మా భాగాన్ని తొలగించారు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

పన్ను రశీదులు, పాత ఈసీలు (భూమి లావాదేవీల ధ్రువపత్రాలు) కట్టలుకట్టలుగా తీశాం కానీ మా విషయంలో అవి అడగనే లేదు. రాజ్యాంగంలోని 300ఏ అధికరణం ఆధారంగా హైకోర్టులో రిట్ వేయమన్నారు కొందరు. చట్టం అధికారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదని అది చెబుతుంది, నిజమే. మాకు అంతదూరం వెళ్లే పని పడలేదు.

మీది క్లాజు (ఇ), అంటే ప్రభుత్వానికో స్థానిక సంస్థలకో ప్రయోజనం ఉందని చెప్పే ఆస్తి అయితే కథ వేరు. దానికి గెజిట్ నోటిఫికేషన్ తప్పనిసరి. 2015లో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ వింజమూరి రాజగోపాలాచారి కేసులో ఈ క్లాజులన్నీ వివరించింది. ఆ తీర్పు మీ లాయరుకు చూపించండి. భూమి లాక్కోకపోయినా, అమ్ముకోనివ్వకపోతే రైతుకు మిగిలేదేముంది? అందుకే రిజిస్ట్రేషన్ ఆఫీసులో తిరస్కరిస్తే ఊరుకోకుండా, ఆ తిరస్కరణను రాతపూర్వకంగా తీసుకోండి.