అప్‌డేట్: మంచాన పడిన నా స్నేహితుడి గురించి అడిగాను కదా

బండి యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగి రాడ్ వేయించుకున్న నా స్నేహితుడు "అల్లా నన్ను వదిలేశాడు" అంటున్నాడు, ఏం చెప్పాలి అని రెండు నెలల కింద అడిగాను. ఏమీ చెప్పొద్దు, పోయి పక్కన కూర్చో అన్నారు చాలామంది. అదే చేశాను.

నేను హిందువును, వాడి నమ్మకం గురించి నేనేం మాట్లాడాలని మొదట్లో టెన్షన్ పడ్డా. వాళ్లమ్మే అంది, ఉగాదికి మేం దేవుని కడప గుడికి రావట్లేదా, మీరు పెద్ద దర్గాకు రావట్లేదా, నీకెందుకు నాయనా మొహమాటం అని.

అసలు బాధ ఏందంటే, వంగలేను కాబట్టి నమాజు పోయినట్టే అనుకున్నాడు వాడు. ఇమాం సాబ్ ఇంటికొచ్చి, పడుకునే ఉండి, తల సైగతో నమాజు చేసుకోవచ్చని చెప్పినాక మనిషే మారిపోయాడు! ఇప్పుడు సాయంత్రాలు నేను పోయి మంచం పక్కన టబ్బు పెట్టి, మగ్గుతో నీళ్లు పోస్తూ వజూ, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లుచేతులు కడుక్కోవడం, చేయిస్తా. మోచేతుల దాకా నీళ్లు జారుతుంటే కళ్లు మూసుకుంటాడు, నేనూ మనసులో వెంకన్నకు దండం పెట్టుకుంటా.

ఫిజియోథెరపీ మాత్రం ఒక్క రోజు కూడా మాననివ్వలేదు, దువా దువానే, వ్యాయామం వ్యాయామమే. నిన్న వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. వచ్చే గురువారం దర్గాకు తీసుకుపోతున్నాం, ఆటో మాట్లాడేశాను.