లారవెల్ మైగ్రేషన్: లోకల్‌లో ఓకే, సర్వర్‌లో 3780 ఎర్రర్

ప్రశ్న:
అందరికీ నమస్తే అన్నా, ఒక పాత ప్రాజెక్ట్ నా చేతికొచ్చింది, లారవెల్ (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) 5.5లో మొదలుపెట్టి వెర్షన్లు పెంచుకుంటూ 11 దాకా తెచ్చారు. ఇప్పుడు కొత్తగా ఆర్డర్స్ టేబుల్ యాడ్ చేస్తున్నా, అందులో యూజర్ ఐడీ కాలమ్‌ని యూజర్స్ టేబుల్‌కి కట్టే ఫారిన్ కీ కోసం మైగ్రేషన్‌లో (టేబుల్స్ తయారుచేసే కోడ్ ఫైల్‌లో) ఫారిన్‌ఐడీ పెట్టి కన్‌స్ట్రెయిన్డ్ అన్నా, అంతే. నా ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద శుభ్రంగా రన్ అయింది. సర్వర్‌లో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8, అక్కడ మైగ్రేట్ కొడితే 3780 ఎర్రర్, రెండు కాలమ్స్ ఇన్‌కంపాటిబుల్ అంటోంది. రెండూ నంబర్లే కదా, తేడా ఏముంది? మళ్ళీ రన్ చేస్తే ఈసారి 1050, టేబుల్ ఆల్రెడీ ఉందట. రేపు క్లయింట్‌కి చూపించాలి, ప్లీజ్.

రిప్లై 1:
మైగ్రేషన్ ఫైళ్ళ డేట్లు చూడు బ్రో, ఆర్డర్స్ ఫైల్ యూజర్స్ కంటే ముందు రన్ అవుతోందేమో.

రిప్లై 2:
అదైతే 1824 వచ్చేదండి, రిఫరెన్స్ టేబుల్ దొరకలేదని. ఇక్కడ టేబుల్ దొరికింది, టైపే కలవలేదు. లారవెల్ 5.8 ముందు దాకా యూజర్స్ ఐడీకి ఇంక్రిమెంట్స్ వాడేవాళ్ళు, అంటే అన్‌సైన్డ్ (మైనస్ విలువలు లేని) ఇంట్, 4 బైట్లు. ఫారిన్‌ఐడీ ఇచ్చేది అన్‌సైన్డ్ బిగ్‌ఇంట్, 8 బైట్లు. ఇన్నోడీబీకి (మైఎస్‌క్యూఎల్ టేబుల్స్ దాచే ఇంజిన్‌కి) సైజు, సైన్ రెండూ ఒకటే ఉండాలి, ఎస్‌క్యూలైట్ ఇదేమీ చూడదు కాబట్టి లోకల్‌లో బయటపడలేదు. షో క్రియేట్ టేబుల్ యూజర్స్ అనే కమాండ్ కొట్టి ఐడీ లైన్ ఒకసారి ఇక్కడ పెట్టండి.

1050 సంగతి ఏంటంటే, లారవెల్ ముందు టేబుల్ క్రియేట్ చేసి ఆ తర్వాత వేరే ఆల్టర్ (టేబుల్ మార్చే) కమాండ్‌తో ఫారిన్ కీ పెడుతుంది, రెండోది ఫెయిలైనా మైఎస్‌క్యూఎల్‌లో మొదటిది రోల్‌బ్యాక్ అవ్వదు (వెనక్కి పోదు), అందుకే ఖాళీ ఆర్డర్స్ టేబుల్ మిగిలిపోయింది. ఖాళీగానే ఉందని చూసుకుని డ్రాప్ చేయండి.

రిప్లై 3:
ఇంత దేనికి, ఫారిన్ కీ చెక్స్ ఆఫ్ చేసి రన్ చేస్తే పోలా?

రిప్లై 2:
పోదండి, చెక్స్ ఆపినా టైప్ కలవకపోతే మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. కీ అసలు పెట్టకుండా వదిలేద్దామనుకుంటే మాత్రం దయచేసి ఆ పని చేయొద్దు, యూజర్ డిలీట్ అయ్యాక ఎవరివో తెలీని ఆర్డర్లు మిగులుతాయి, తర్వాత అవి ఏరడం నరకం.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నట్టే ఉంది, ఐడీ ఇంట్ అన్‌సైన్డ్ అని చూపిస్తోంది. యూజర్స్ ఐడీనే బిగ్‌ఇంట్ చేసేయనా?

రిప్లై 2:
ఈ రాత్రికి వద్దు. యూజర్స్‌ని పట్టుకుని ఉన్న ఫారిన్ కీలన్నీ తీసి, ఆ కాలమ్స్ అన్నీ మార్చి, మళ్ళీ కీలు పెట్టాలి, పెద్ద టేబుల్ అయితే లాక్ అయి కూర్చుంటుంది. ప్రస్తుతానికి యూజర్ ఐడీని అన్‌సైన్డ్‌ఇంటీజర్ చేసి, కింద ఫారిన్ కీ కోసం ఫారిన్, రిఫరెన్సెస్, ఆన్ మెథడ్స్ విడిగా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
అయిపోయింది అన్నా, చాలా థాంక్స్! రేపు ఇన్‌వాయిసెస్ టేబుల్‌లో ఆర్డర్ ఐడీకి కూడా ఇంటీజరే పెట్టాలా?

రిప్లై 2:
వద్దు, ఆర్డర్స్ ఐడీ మీరు కొత్తగా ఐడీ మెథడ్‌తో పెట్టారు కాబట్టి అది బిగ్‌ఇంటే, అక్కడ ఫారిన్‌ఐడీనే వాడండి.