రోబోకే మాటలొచ్చాయంటే మా బాబుకి ఫోన్ పెడితే చాలదా?

గాజువాక_అమ్మ:
బాబుకి 9వ నెల. రోజంతా "తత్తత్త, బబ్బబ్బ" అని ఒకటే గోల. మా ఆయనకి ప్లాంట్‌లో షిఫ్టులు, ఇంట్లో నేనూ వాడే, అందుకే రైమ్స్ పెట్టి ఫోన్ వాడి ముందుంచి వంట చేసుకుంటాను. మాటలు విని విని ఒక రోబో పదాలు నేర్చేసుకుందని చదివాను. మరి మావాడికి ఫోన్ వింటే రావా? విజయనగరం నుంచి మా అత్తగారు రోజూ ఫోన్ చేసి మరీ, వాడికి ఫోన్ ఇవ్వొద్దంటారు.

ఏయూ_ఎంటెక్:
మీరు చదివింది డీచీ గురించి అయ్యుంటుందండి. బ్రిటన్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ వాళ్ళ పని, రీసెర్చ్ పేపర్ 2012లో వచ్చింది. ఇటలీలో తయారైన ఐకబ్ అనే చిన్నపిల్లాడి సైజు రోబో అది. మొదట్లో ఇంగ్లిష్ సిలబుల్స్, అంటే పదాల్లోని పలుకు ముక్కలు, ఏవి పడితే అవి వాగేది. ఎదురుగా మనిషి కూర్చుని రంగులు, ఆకారాలు చూపిస్తూ పేర్లు చెప్తుంటే, ఎక్కువసార్లు విన్న సిలబుల్స్‌నే అదీ ఎక్కువగా పలకడం మొదలెట్టింది. అలా వాగుతూ వాగుతూ "రెడ్" అనేసిందనుకోండి, ఎదుటివాళ్ళు "ఆ, అదే, శభాష్" అంటారు, అప్పుడు ఆ పదాన్ని దాచుకుంటుంది. 34 మంది, ఒక్కొక్కరితో 8 నిమిషాలు, అంతే. ఫోన్ ఎంతసేపు మోగినా ఆ శభాష్ అనదు.

స్టీల్‌సిటీ_బాబాయ్:
డీచీకి రెడ్ అంటే ఎరుపని తెలుసా? తెలీదు కదా. మరి దాన్ని చూసి పసిపిల్లల గురించి ఏం చెప్తారయ్యా?

ఏయూ_ఎంటెక్:
తెలీదు బాబాయ్. అర్థం సంగతి పక్కనపెట్టి, పదం ఆకారం ఎలా దొరుకుతుందన్నదే వాళ్ళు చూసింది. "అండ్", "ఆఫ్" లాంటివి మాటమాటకీ వస్తాయి కానీ ఒక్కోసారి ఒక్కోలా పలుకుతాం, రంగుల పేర్లు మాత్రం ప్రతిసారీ ఒకేలా, స్పష్టంగా వినపడతాయి. అందుకే అవి ముందు పట్టుబడతాయని వాళ్ళ ఊహ. నాకు నచ్చింది ఆ ముక్కే.

ఎంవీపీ_స్పీచ్‌థెరపీ:
రోబో దాకా ఎందుకమ్మా, 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో సరిగ్గా మీవాడి వయసు పిల్లలకే మాండరిన్ అనే చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ శబ్దాల్లో తేడా పట్టారు. టీవీలో చూసినవాళ్ళకి, ఆడియో విన్నవాళ్ళకి ఏమీ అంటలేదు. కాబట్టి వాడు "తత్తత్త" అన్నప్పుడల్లా, మీరు తాలింపు వేస్తూనే, "తాతా? తాత ఊళ్ళో ఉన్నాడురా" అనండి చాలు. వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా? లేకపోతే వినికిడి టెస్ట్ చేయించండి.

గాజువాక_అమ్మ:
కుక్కర్ కూసినా తిరుగుతాడండి, పిలిచినా తిరుగుతాడు. మరి అత్తగారు వీడియో కాల్‌లో మాట్లాడితే అది టీవీ లెక్కా, మనిషి లెక్కా?

ఎంవీపీ_స్పీచ్‌థెరపీ:
వాడు కూస్తే ఆవిడ బదులిస్తారుగా, టీవీతో కలపకండి. కాల్ అయ్యాక ఆ ఫోన్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.