పొగ పోయాక బొగ్గుల పొయ్యి ఇంట్లోకి తెచ్చుకోవచ్చా?

ఖని పిల్లగాడు
మాది గోదావరిఖని. గ్యాస్ ఉంది గానీ, చలికాలం వస్తే నీళ్ళు కాచుకోవడానికి, నానమ్మ చలి కాగడానికి బొగ్గుల పొయ్యి ఇప్పటికీ వెలిగిస్తాం. బయట అంటించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టడం అలవాటు. నర్సుగా చేస్తున్న మా వదిన ఈసారి పొయ్యిని గడప దాటనివ్వనంటోంది. నానమ్మేమో "మీ తాత కాలం నుంచీ ఇంతే, ఎవరికేమైంది?" అంటోంది. రోజూ ఇదే పంచాయితీ. మీరేమంటారు?

పాత టింబర్‌మన్
మీ నానమ్మ మాటే నా మాట. అంటించడం రానివాళ్ళకే ఇన్ని భయాలు. లోపల మట్టి మెత్తిన ఇనుప బకెట్టు పొయ్యి అయితే, జాలీ మీద పిడక ముక్కలు, చెక్క పేళ్ళు వేసి అంటించాలి. అవి బాగా రాజుకున్నాక కోడిగుడ్డంత బొగ్గు పెళ్ళలు, మధ్యలో గాలి ఆడేలా పేర్చాలి. బొగ్గు పొడి పోశారో, నిప్పు చచ్చిపోతుంది, పొగ మాత్రం వాడంతా కమ్ముకుంటుంది. కింది కంతను గాలి వచ్చే వైపు తిప్పితే విసనకర్ర కూడా అక్కర్లేదు. పై పెళ్ళ కూడా ఎర్రబడేదాకా ఆగాలి. సగం నల్లగా ఉండగానే లోపలికి తెస్తే అది తెచ్చినవాడి తప్పు, పొయ్యిది కాదు. ఇంకోటి, ఆరిపోయిందనుకుని మళ్ళీ కిరోసిన్ పోయకండి. అడుగున నిప్పుంటే ఆవిరి లేచి భగ్గున మొహం మీదకే వస్తుంది.

సైన్స్ టీచరమ్మ
బాబాయ్ గారూ, అంటించే విషయంలో మీ మాటకు తిరుగులేదు. పొగ పోతే ప్రమాదం పోయినట్టే అంటే మాత్రం ఒప్పుకోను. ఎర్రటి నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ గ్యాస్‌ను పట్టుకుంటుంది. దాంతో ఒంటికి ఆక్సిజన్ అందదు. ముందు తలనొప్పి, వికారం, మగత. నిద్రలో ఉన్న మనిషికి అవి కూడా తెలియవు.

చీకట్లో బొగ్గు మీద నీలం మంటలు ఆడుతుంటాయి, చూసే ఉంటారు. మండుతున్నది ఆ గ్యాసే. మంట ఉన్నంతసేపు చాలావరకు అక్కడే కాలిపోతుంది. మంట తగ్గి ఒట్టి నిప్పులు మిగిలాక, లేదా పైన కొత్త బొగ్గు కుమ్మరించాక, కాలకుండానే గదిలోకి వస్తుంది. అంటే కంటికి పొయ్యి శుభ్రంగా కనబడుతున్నప్పుడే జాగ్రత్త ఎక్కువ కావాలి.

పొగ మాత్రం తక్కువదా? చైనాలోని షువాన్‌వే ప్రాంతంలో సిగరెట్ ముట్టని ఆడవాళ్ళకు కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతంగా వచ్చింది. ఇళ్ళలో పొగ ఎక్కువగా వచ్చే బొగ్గు కాల్చడమే కారణమని తేల్చారు. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టించాక ఆ ముప్పు తగ్గింది. శుద్ధి చేయని బొగ్గును ఇంట్లో వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది.

కొత్తగూడెం కోడలు
గదిలో గిన్నెడు నీళ్ళు పెడితే గ్యాస్‌ను లాగేస్తుందని మా అత్తగారు అంటారు. నిజమేనా అక్కా?

సైన్స్ టీచరమ్మ
లేదమ్మా. ఆ గ్యాస్ నీళ్ళలో దాదాపు కరగదు. గిన్నె వల్ల గాలి మరీ పొడిబారకుండా ఉంటుంది, అంతే. ధైర్యం చెప్పుకుని తలుపు మూసుకోవడానికే అది పనికొస్తోంది.

స్క్రాంటన్ తెలుగోడు
నేనుండేది అమెరికాలోని పెన్సిల్వేనియాలో, ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు గనుల ప్రాంతం. ఇక్కడ బొగ్గు స్టవ్‌లు ఇళ్ళ లోపలే ఉంటాయి, రాత్రంతా మండుతాయి. కానీ ప్రతిదానికీ పొగగొట్టం ఉంటుంది, పడుకునే గదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటుంది. ఈ బొగ్గుకు పొగ దాదాపు రాదు కాబట్టి, పొగను చూసి కొలుచుకునే లెక్క ఇక్కడ మొదటి నుంచీ చెల్లదు.

కొత్త బొగ్గు వేసేటప్పుడు నిప్పంతా కప్పేయరు, ఒక మూల ఎర్రగా కనబడేలా వదిలేస్తారు. లేచిన గ్యాస్ ఆ మూల అంటుకుని నీలం మంటగా కాలిపోతుంది. మొత్తం కప్పేస్తే గ్యాస్ లోపల కూడి ఒక్కసారిగా 'ఢప్' మంటుంది, స్టవ్ తలుపు ఎగిరి తెరుచుకున్నా ఆశ్చర్యం లేదు. పైనుంచి కెలకరు, కింద జాలీని ఊపి బూడిద రాలుస్తారు. ఆ బూడిదను మూత ఉన్న ఇనుప బకెట్టులో వేసి ఇంటికి దూరంగా పెడతారు, అడుగున నిప్పు చాలాసేపు ఉంటుంది కదా. నిప్పు ఉండగా పొగగొట్టం మూసేయడం అన్న మాటే లేదు.

పాత టింబర్‌మన్
అమెరికా ముచ్చట మనకెందుకు తమ్ముడూ? అలారాలు, గొట్టాలు అందరికీ అయ్యే ఖర్చా? మా క్వార్టర్లలో అందరూ ఇట్లనే బతికారు.

మందమర్రి మాస్టర్
బతికినవాళ్ళే కదా బాబాయ్, వచ్చి చెప్పేది. ఉత్తరాదిలో ప్రతి చలికాలం గదిలో అంగీఠీ (బొగ్గుల కుంపటి) పెట్టుకుని పడుకుని చనిపోయిన కుటుంబాల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. అయినా ఈ గ్యాస్ సంగతి గనిలో పనిచేసిన మీకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? దీన్ని పసిగట్టడానికే కదా గనుల్లోకి పంజరంలో పిట్టను తీసుకెళ్ళేవాళ్ళు. గనిలో నమ్మినదాన్ని ఇంట్లో నమ్మరా?

పాత టింబర్‌మన్
గని వేరు, ఇల్లు వేరు. సరే, పడుకునే గదిలో వద్దు, అంతవరకు ఒప్పుకుంటా. పిల్లగాడా, నానమ్మను వరండాలో కూర్చోబెట్టి చలి కాగనీ, పడుకునే ముందు వేడినీళ్ళ సంచి ఇవ్వు. ఆర్పాలని నిప్పుల మీద నీళ్ళు మాత్రం గుమ్మరించకు. కాలే ఆవిరి ఎగజిమ్ముతుంది, పొయ్యికి మెత్తిన మట్టి కూడా పగులుతుంది. బయటే వదిలేస్తే అదే ఆరుతుంది. కానీ వెంటిలేటర్ ఉన్న వంటింట్లో మనిషి మెలకువగా ఉండి వండుకుంటే తప్పులేదని ఇప్పటికీ అంటా.

ఖని పిల్లగాడు
తాతా, మా వంటింటి వెంటిలేటర్‌కు దోమలొస్తున్నాయని నానమ్మే గోనెసంచి కుక్కింది.

పాత టింబర్‌మన్
ముందు అది పీకెయ్.