తలుపులు, కిటికీలకు అలారం సెన్సర్లు: వైరింగ్ ఎలా చేయించాలి?

కొబ్బరితోట:
అమలాపురం దగ్గర నాన్నగారు ఇల్లు కట్టిస్తున్నారు. వచ్చే వారం ప్లాస్టరింగ్. అక్కడ అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, నేను చెన్నైలో ఉద్యోగం. అందుకే ఎనిమిది జోన్ల (విడివిడిగా కనిపెట్టే ఎనిమిది భాగాల) అలారం ప్యానెల్ కొన్నాను. దాంతో పాటు చిన్న కవర్లో 5.6కె (5,600 ఓమ్‌ల) రెసిస్టర్లు వచ్చాయి. వాటిని ప్యానెల్ లోపలే బిగించేద్దాం, ఒకే వైరు ఇల్లంతా తిప్పేద్దాం అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. సరైనదేనా? సింహద్వారం, దొడ్డి తలుపు, మేడ మీది తలుపు, తొమ్మిది కిటికీలు. అన్ని కిటికీలకూ ఇనుప గ్రిల్ ఉంది.

చక్రధారి:
ఇంత తంటా ఎందుకండీ, వైర్‌లెస్ సెన్సర్లు పెట్టేయండి. అతికిస్తే పని అయిపోతుంది.

మల్టీమీటర్:
కట్టేసిన ఇంటికైతే వైర్‌లెస్సే నయం. ప్లాస్టరింగ్ కాని ఇంటికి మాత్రం వైరే వేయించండి. పెద్దవాళ్లు ప్రతి సెన్సర్‌కీ బ్యాటరీ మార్చుకుంటూ కూర్చోలేరు.

రెసిస్టర్‌ని ప్యానెల్ దగ్గర బిగించనివ్వకండి. తలుపు మూసి ఉన్నప్పుడు అయస్కాంతం ఎదురుగా ఉంటుంది, సెన్సర్ లోపలి రీడ్ స్విచ్ కలిసి ఉంటుంది. తలుపు తీస్తే విడిపోతుంది. రెసిస్టర్ చివరి సెన్సర్ దగ్గర ఉంటే తలుపు మూసి ఉన్నంతసేపూ ప్యానెల్‌కి 5.6కె కనబడాలి. గోడలో వైర్లు రెండూ ఒకదానికొకటి తగిలితే అది సున్నా అవుతుంది, ప్యానెల్ వెంటనే పట్టేస్తుంది. అదే రెసిస్టర్ ప్యానెల్‌లోనే ఉంటే, వైర్లు షార్ట్ అయినా 5.6కె అలాగే కనబడుతుంది. తలుపు బార్లా తీసినా అలారం మోగదు. రెసిస్టర్ మీద వరుసగా ఆకుపచ్చ, నీలం, ఎరుపు గీతలుంటే అది 5.6కె. సరిచూసుకుని వాడండి.

ఒకే చుట్టు వద్దు. మూడు తలుపులకు మూడు జోన్లు, మిగతా అయిదింటిలో గదుల వారీగా కిటికీలు సిరీస్‌లో (ఒకదాని తరవాత ఒకటిగా). అప్పుడు ఎక్కడ తీశారో అమ్మగారికి వెంటనే తెలుస్తుంది. నాలుగు కోర్ల వైరు లాగించండి, రెండు వాడి రెండు స్పేర్‌గా ఉంచండి. కరెంటు వైర్ల పైపులో మాత్రం దూర్చకండి.

సెన్సర్ తలుపు పైభాగాన, గొళ్లెం వైపు రావాలి. బందుల వైపు పెడితే తలుపు చాలా తెరుచుకునేదాకా తెలియదు. కోనసీమ వానల్లో చెక్క ఉబ్బుతుంది, అయస్కాంతాన్ని సెన్సర్‌కి అందే చిట్టచివరి దూరంలో పెడితే రాత్రిళ్లు ఉత్తినే మోగుతుంది. ఇనుము దగ్గర అయస్కాంతం బలం తగ్గుతుంది. గ్రిల్‌కి ఆనించకుండా కింద చెక్కముక్క వేయించండి.

కొబ్బరితోట:
చాలా థాంక్స్ అన్నా. ఇంకొకటి, ఎండాకాలం వాళ్లు కిటికీలు తీసుకునే పడుకుంటారు. అప్పుడెలా?

మల్టీమీటర్:
జరిగే రెక్కలైతే రెండో అయస్కాంతం పెట్టించు తమ్ముడూ. మూసినప్పుడు ఒకటి, జానెడు తీసినప్పుడు రెండోది సెన్సర్‌కి ఎదురొస్తాయి. అంతకు మించి జరిపితే మోగుతుంది. జరిపేటప్పుడు మధ్యలో స్విచ్ విడిపోతుంది కాబట్టి ముందు కిటికీ సర్దుకుని, ఆ తరవాతే అలారం ఆన్ చేయమని చెప్పు. బందుల రెక్కలైతే ఆ జోన్‌ని బైపాస్ చేయడం (ఆ రాత్రికి దాన్ని పట్టించుకోకుండా ప్యానెల్‌లో వదిలేయడం) నాన్నగారికి నేర్పు.

గృహిణి_కాకినాడ:
మా ఇంట్లో కర్టెన్ రాడ్లు బిగించడానికి వచ్చినవాళ్లు డ్రిల్లుతో సరిగ్గా అలారం పైపునే కొట్టారు. పైపు కిటికీ పైనుంచి కాకుండా పక్కనుంచి దింపించండి. ప్లాస్టరింగ్‌కి ముందు గోడకి టేపు ఆనించి ఫొటోలు తీసి పెట్టుకోండి.

మల్టీమీటర్:
అవును, అది తప్పనిసరి. ప్లాస్టరింగ్ ముందొకసారి, అయ్యాక ఒకసారి ప్రతి జోన్‌నీ మీటర్‌తో చూడమనండి. రెండుసార్లూ 5.6కె వస్తేనే మేస్త్రికి మిగతా డబ్బులివ్వండి.